కట్టకొక కథ

బొంబాయి కామాటిపురలో పుట్టి పెరిగానని చెప్పగానే ఎదుటివాళ్ళ కనుబొమలు ఒకసారి పైకి లేస్తాయి. ఆ తర్వాత మర్యాద గుర్తొచ్చి కిందికి దిగుతాయి. ఇన్నేళ్ళుగా అది చూసీ చూసీ నాకు విసుగొచ్చేసింది. అక్కడ తెలుగు బడి ఉండేదా, పోచమ్మకు బోనం ఎత్తేవారా, మధ్యాహ్నం పూట మీ ఇళ్ళ ముందు ఏం వాసన వచ్చేది అని అడిగిన పుణ్యాత్ములు ఒక్కరూ లేరు. అడగరు కాబట్టి నేనే చెబుతాను. తునికాకు వాసన వచ్చేది. నీళ్ళలో నాని ఆరీ ఆరని తునికాకు వాసన. ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నా కాళ్ళు ఆగిపోతాయి.

ఫాక్‌లాండ్ రోడ్డు దిగి లోపలి గల్లీలోకి తిరిగితే మా చాల్. మా ముత్తాతలు పాలమూరు నుంచి రాళ్ళు మోయడానికి వచ్చినవాళ్ళు. ఊరంతటికీ మేడలు కట్టిపెట్టి, తాము మాత్రం కుటుంబానికొక ఖోలీలో సర్దుకున్నారు. పది అడుగుల గది, దాని ముందు అందరికీ కలిపి పొడుగాటి గ్యాలరీ. గది ఎవరిది వాళ్ళదే గానీ బతుకంతా గ్యాలరీలోనే గడిచేది. మగవాళ్ళు పనులకు వెళ్ళాక ఆడవాళ్ళు అక్కడ గోడకు వీపులానించి వరసగా కూర్చుని బీడీలు చుట్టేవారు. ఒళ్ళో చాట, చాటలో కత్తిరించిన ఆకు, తంబాకు, దారపు ఉండ. పాతిక బీడీలైతే ఒక కట్ట.

చేతులకు పని ఉంటే నోరు ఊరుకుంటుందా? అందుకని మా గ్యాలరీలో రోజూ ఒకరు కథ చెప్పాలి. కథ చెప్పేవాళ్ళకు చేయి నెమ్మదిస్తుంది. ఆ నష్టాన్ని తలా కాస్త పంచుకునేవారు. కథ అయిపోగానే ఒక్కొక్కరూ తమ చాటలోంచి కొన్ని బీడీలు తీసి చెప్పినవాళ్ళ చాటలో వేసేవారు. దాన్ని కథకూలి అనేవారు. వేరే చాల్‌లలో ఈ పద్ధతి ఉండేదో లేదో నాకు తెలీదు, మా గ్యాలరీలో మాత్రం ఉండేది.

కథకూలి ఎక్కువగా మా అవ్వకే ముట్టేది. అవ్వ అంటే మా నాన్న తల్లి. కీళ్ళవాతంతో ఆమె వేళ్ళు అల్లం కొమ్ముల్లా వంకర్లు పోయాయి. బీడీ చుట్టడం ఎప్పుడో మానేసింది. అయినా భోజనాలు కాగానే ఖాళీ చాట ఒళ్ళో పెట్టుకుని అందరికంటే ముందు వచ్చి కూర్చునేది. ఏడుగురు అన్నదమ్ముల చెల్లెలి కథ, రాకాసి కోడలి కథ, గాడిదకు మొక్కిన దొర కథ, ఒక్కొక్కటీ పొద్దు వాలేదాకా సాగేది. సాయంత్రానికి చాట నిండేది. కొత్తగా వచ్చిన కోడలొకామె జాలిపడి, కథ మొదలుకాకముందే పిడికెడు బీడీలు వేసింది ఒకసారి. అవ్వ వాటిని ఏరి ఆమె చాటలోనే పోసేసింది.

"కూలి జేస్తే తీస్కుంట బిడ్డా. బిచ్చమేస్తే ఒల్ల," అంది.

ఆ మాటకు ఎదురు లేదు. మా ఇంట్లో నాన్నే ఎదురు చెప్పడు, ఇంక కోడళ్ళెంత?

ఎనభైల నడుమ, నేను పొద్దుటిపూట కాలేజీకి వెళ్ళొస్తూ, తెలుగులో ఏవేవో రాసి చింపేస్తూ ఉన్న రోజులవి. దాదర్‌లో తెలుగువాళ్ళ సంఘం ఒకటుండేది. ఏటా ఉగాదికి ఒక సంచిక వేసేవారు. దాని సంపాదకుడు రైల్వేలో పని చేసి రిటైరైన కోస్తా పెద్దమనిషి. నేను అక్కడి గ్రంథాలయానికి పుస్తకాలు మార్చుకోవడానికి వెళ్తుంటే ఒకరోజు పిలిచి కూర్చోబెట్టారు.

"నువ్వు రాస్తావటగా అమ్మా? మూడు కార్డు కథలు ఇవ్వు. ఒక్కొక్కటీ పోస్టుకార్డు దాటకూడదు, అంతకుమించి నా దగ్గర చోటు లేదు. వచ్చే ఆదివారం ప్రెస్సుకు వెళ్ళిపోతుంది," అన్నారు. నేను గబగబా తలూపేశాను. అంతలో ఆయనే కళ్ళద్దాల పైనుంచి చూస్తూ, "మీ పేటలో కథలకేం కొదవలే," అని చిన్నగా నవ్వారు.

నాకు ఒళ్ళు మండింది. ఆయన ఏ కథల గురించి అంటున్నారో నాకు తెలీదా? మా గల్లీ మొదట్లో బేరాల కోసం తలుపుల దగ్గర నిలబడేవాళ్ళలో ఒకావిడ రోజూ నన్ను చూసి, "కాలేజీకా పాపా? చక్కగ సదువుకో," అనేది. ఆ మనిషిని పోస్టుకార్డు మీద ఎక్కించి దాదర్‌లో ఫిల్టర్ కాఫీ తాగేవాళ్ళ చేతుల్లో పెట్టనా? ఛీ. బస్సెక్కుతూనే ఒట్టు పెట్టుకున్నాను, ఆ తలుపుల మీద ఒక్క వాక్యం రాయనని. కానీ కథలు మాత్రం ఇవ్వాలి. అచ్చులో నా పేరు చూసుకోవాలని నాకు ఎంత ఆశగా ఉండేదో చెబితే ఇప్పుడు నవ్వొస్తుంది. అప్పటిదాకా నా పేరు రేషన్ కార్డు మీద తప్ప ఎక్కడా పడలేదు.

ఇక చూడండి నా పాట్లు. మొదట సముద్రం మీద రాద్దామనుకున్నాను. బొంబాయి అన్నాక సముద్రం ఉండాలి కదా! తీరా కూర్చుంటే, గణపతి నిమజ్జనం రోజు చౌపాటీలో తప్పిపోయి ఏడవడం తప్ప సముద్రంతో నాకు ఏ పరిచయమూ లేదని తేలింది. మర్నాడు ప్రేరణ కోసం నాగ్‌పాడా వైపు నడిచాను. వర్క్‌షాపుల ముందు నిలబడి ఇనుము కోస్తుంటే వచ్చే నిప్పురవ్వలు చూస్తున్నాను. దుకాణం చాచా నన్ను కాసేపు గమనించి, "క్యా చాహియే బేటీ?" అన్నాడు. కథ కావాలని ఏం చెప్పను? సిగ్గేసి తలుపు గొళ్ళెం ఒకటి కొనుక్కొచ్చాను. మా తలుపుకు గొళ్ళెం శుభ్రంగానే ఉంది. సాయంత్రం బస్సు డిపో పని నుంచి వచ్చిన నాన్న ఆ కొత్త గొళ్ళేన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు, నా మొహం కూడా చూశాడు, తీసుకెళ్ళి గూట్లో పెట్టాడు.

సరిగ్గా ఆ వారమే అవ్వ కథ మధ్యలో ఆగిపోయింది.

ఏడుగురు అన్నదమ్ములు చెల్లెలిని అడవికి తోలుకుపోయారు. అక్కడిదాకా బాగానే వచ్చింది. "ఆడికెళ్ళి పోతరు... పోయి..." అంది. మళ్ళీ మొదటికొచ్చింది. మళ్ళీ అక్కడే ఆగింది. ఆ కథ మా అందరికీ నోటికొచ్చు. ఎవరైనా అందించవచ్చు. కానీ అవ్వకు కథ అందించడమా? అందరూ తలలు వంచుకుని చుడుతూ కూర్చున్నారు. మర్నాడు దొర గాడిదకు మొక్కకుండానే పోయాడు. పక్క ఖోలీ పెద్దమ్మ, గ్యాలరీలో అందరికంటే పెద్ద గొంతు ఆమెది, ఆ రోజు మాత్రం ఎంతో మెల్లగా, "పోనీలే అవ్వా, రేపు చెప్దువు," అని బీడీలు చాటలో వేయబోయింది. అవ్వ చాట పక్కకు లాక్కుంది.

ఆ తర్వాతి రోజు ఆమె బయటికి రాలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది.

"తల నొస్తుందా అవ్వా?"

"ఆఁ. నొస్తుంది."

తలనొప్పి కాదని నాకు తెలుసు. గ్యాలరీలోంచి నవ్వులు వినబడినప్పుడల్లా ఆమె వీపు ఒకసారి కదిలేది. పగలు కూడా బల్బు వేసుకోవాల్సిన ఆ గదిలో, చేయడానికి పనేమీ లేకుండా, ఈ మనిషి ఎంతకాలం ఉండగలదు? నాకు భయమేసింది. నిజంగా భయమేసింది. మాకు తిండికి లోటు లేదు, అవ్వ బీడీలతో ఇల్లు గడవాల్సిన అవసరమూ లేదు. కానీ ఆ చాట నిండకపోతే ఆమె తనను మనిషిగా లెక్కేసుకోదు.

ఆమెను కదిలించాలని కొంతా, నా అవసరం కొంతా, పక్కన కూర్చుని అడిగాను. "అవ్వా, నాకో చిన్న కథ చెప్పవా? ఇంతే ఉండాలి," అని పోస్టుకార్డు చూపించాను.

అవ్వ ఇటు తిరిగింది. కార్డును చేత్తో తడిమి చూసింది. "గింతేనా? గింతంటే కష్టం బిడ్డా. పెద్ద కథ దారి తప్పినా ఏడనో ఓ కాడ తేలుతది. చిన్నదానికి తప్పిపోనీకి జాగనే ఉండదు. కట్టకు ముడి వడే లోపల కథకు ముడి వడాలె."

"అదే, అలాంటిది ఒకటి చెప్పు."

"యాదికొస్తలేవు," అంది. అంటూనే కళ్ళు పైకి తిప్పింది. అటక మీద ఆమె పెళ్ళినాటి ఇత్తడి చెంబు ఉంది. "మీ తాత ఊర్లకెళ్ళి గండ్లనే బాయి నీళ్ళు తెచ్చిండు," అంది. అంతే, ఆపైన ఏమీ లేదు.

నాకు అది చాలింది. స్టవ్ పక్కన కూర్చుని రాశాను. ఒకడు ఊరొదిలి వస్తూ తమ బావి నీళ్ళు చెంబులో తెచ్చుకుంటాడు. వేసవికి నీళ్ళు కాస్త ఇగిరితే నల్లా నీళ్ళు కలుపుతాడు. ప్రతి ఏడూ కాస్త ఇగురుతాయి, ప్రతి ఏడూ కాస్త కలుపుతాడు. ముసలివాడయ్యాక పండగ రోజు ఆ నీళ్ళే మనవళ్ళ నెత్తిన చల్లి, మన బావి నీళ్ళురా అంటాడు. వాళ్ళు తడిసి నవ్వుతారు. అంతే కథ.

అవ్వకు చదివి వినిపించాను. "మల్ల సదువు," అంది. మళ్ళీ చదివాను. పెదవులు కదిలిస్తూ వింది. "ఇంగోపారి," అంది. ఆ తర్వాత కళ్ళు మూసుకుని కథంతా తిరిగి నాకు చెప్పింది. ఒక్క చోట కూడా ఆగలేదు. లేచి కూర్చుని జుట్టు ముడేసుకుంది. చాట తీసి దాని వీపున రెండు దెబ్బలు వేసి దుమ్ము దులిపింది. నేనింకా కార్డు పట్టుకుని అక్కడే కూర్చున్నాను.

మర్నాడు మధ్యాహ్నం గ్యాలరీలో ఆ కథ నాలుగింతలు అందంగా చెప్పింది. నేను గడపలో నిలబడి విన్నాను. చెంబు మీద సొట్ట ఎక్కడుందో కూడా చెప్పింది. అది నేను రాయలేదు.

"ఏడ విన్నవ్ అవ్వా, కొత్తగుంది?" అంది పెద్దమ్మ.

"మా ఊరి ముచ్చట," అంది అవ్వ.

నాకు చురుక్కుమంది. అబద్ధం ఎందుకు, బాగానే చురుక్కుమంది. నా మొదటి కథ అది! కానీ అందరూ వంగి అవ్వ చాటలో కూలి వేస్తుంటే ఆమె మొహం చూశాను. పోనీ, అవ్వదే అనుకున్నాను.

ఆ రోజు నుంచి నాకు ఆదివారం గడువు కాకుండా మధ్యాహ్నం గడువు పట్టుకుంది. రేపు భోజనాలయ్యేసరికి అవ్వ నోట్లో ఒక కథ ఉండాలి. కట్ట ముడిపడేలోపు అయిపోయేది, ఆమె మరిచిపోవడానికి వీల్లేనంత చిన్నది. విచిత్రం ఏమిటంటే, సంపాదకుడి కోసం వెతికితే దొరకనివి అవ్వ కోసం వెతికితే కాళ్ళకు తగిలాయి. మెట్ల పక్క ఖోలీలో ఇద్దరు అన్నదమ్ములుండేవారు. ఒకడిది పగటి పాళీ, ఒకడిది రాత్రి పాళీ, ఇద్దరికీ కలిపి ఒకటే మంచం. రోజూ వాళ్ళను చూస్తూనే ఉన్నాను, కథ అని ఎప్పుడైనా తోచిందా? ఏళ్ళ తరబడి ఒకే మంచం మీద పడుకుంటూ ఒకరినొకరు సరిగ్గా చూసుకోని అన్నదమ్ములకు ఒకసారి ఇద్దరికీ కలిపి సెలవొచ్చింది. నువ్వు పడుకో అంటే నువ్వు పడుకో అనుకుని ఇద్దరూ నేల మీదే కూర్చున్నారు, మంచం ఖాళీగా ఉండిపోయింది. అది రెండో కార్డు.

మూడోది కోడి కథ. పోచమ్మకు కోడిని మొక్కుకున్న ఇల్లొకటి. పిల్లలు దానికి అలవాటుపడి ఏడుస్తారని, ఈ యేడు కాదు తల్లీ, వచ్చే యేడు అని వాయిదా వేస్తూ పోతారు. చివరికి కోడి ముసలిదై దానంతటదే పోతుంది. నేను అక్కడ ఆపాను. అవ్వ వింటూనే మూతి విరిచింది.

"గట్లెట్లుంటది? తల్లి ఊకుంటదా?"

"మరి?"

"తల్లే అంటది, వచ్చే యేడే ఇయ్యిరి, తొందరేముంది అని. పోరగాండ్ల ఏడ్పు ఆమెకు ఇనవడలేదా ఏంది?"

నేను కార్డు మీద నా ముగింపు కొట్టేసి ఆమెది రాసుకున్నాను.

ఆదివారం పొద్దున మూడు కార్డులూ సంచిలో పెట్టుకుని దాదర్ బస్సెక్కాను. దారంతా ఒకటే ఆలోచన. ఈ కథలు అచ్చయి, అవ్వ చెప్పేవి మనవరాలు రాసిచ్చినవని గ్యాలరీలో తెలిస్తే ఏమవుతుంది? అప్పటిదాకా కూలిగా వేసినవి బిచ్చమైపోతాయి. అవ్వ మళ్ళీ చాట ముట్టదు. గోడ వైపు తిరిగి పడుకుంటుంది, ఈసారి ఇక లేవదు. వెనక్కి వెళ్ళిపోదామా అనుకున్నాను. కానీ ఇంకో మూడు కథలు ఎక్కడినుంచి తేను? పైగా నాకూ ఆశ ఉంది. గ్యాలరీలో బీడీలు చుట్టేవాళ్ళలో చదువొచ్చినవాళ్ళు లేరు, దాదర్ సంచిక మా గల్లీకి ఏనాడూ రాలేదు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. సంపాదకుడు కార్డులు చదివి, "ఇవి మీ పేట కథలేనా?" అన్నారు ఆశ్చర్యంగా. "మా పేటవే సార్," అన్నాను.

ఉగాది వెళ్ళాక సంచిక వచ్చింది. నా పేరు మూడుసార్లు చూసుకుని, నా కాపీని ట్రంకుపెట్టె అడుగున చీరల కింద దాచేశాను. దాచి ఏం లాభం? వారపు సెలవు రోజు నాన్న దాదర్‌కు పూలు కొనడానికి వెళ్ళాడు. అక్కడ సంఘం వాళ్ళెవరో, మీ అమ్మాయి పేరు పడింది చూడండి అని ఇంకో కాపీ ఆయన చేతిలో పెట్టారు.

నేను కాలేజీ నుంచి వచ్చి మెట్లెక్కుతుంటే పైనుంచి నాన్న గొంతు వినబడింది. గ్యాలరీ మధ్యలో పీట వేసుకుని కూర్చున్నాడు. ఎప్పుడో మునిసిపల్ బడిలో నేర్చుకున్న తెలుగును వేలితో ఒత్తి పట్టుకుంటూ, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ గట్టిగా చదువుతున్నాడు. జీవితంలో అంత సంతోషంగా ఆయన్ని నేను చూడలేదు. చెంబు కథ అయిపోయింది. మంచం కథ అయిపోయింది. నేను పై మెట్టు మీద నిలబడిపోయాను. కోడి కథలో పోచమ్మ మాట్లాడేసరికి పెద్దమ్మ చేయెత్తి ఆపింది.

"ఆగు తమ్మీ. ఇవి అవ్వ కథలు గదా?"

"మా పిల్ల రాసింది వదినా. ఇదిగో పేరు," అన్నాడు నాన్న.

"పేరుదేముంది? నేను ఈ చెవులతోని ఇన్న. ముసల్ది చెప్తుంటే ఇన్న. అందరం ఇన్నం." పెద్దమ్మ నన్ను చూసింది. "రా పోరీ, రా. ముసల్దాని కథలు ఎత్కపోయి నీ పేరు వేస్కుంటవా? సదువుకున్నోళ్ళు చేసే పనేనా?"

"అవ్వకు సదువు రాదని గదా," అని ఇంకొకామె అందుకుంది.

ఒక మాట పడే రకం కాదు నేను. చాల్‌లో ఎవరినడిగినా చెబుతారు. నాలుక చివరిదాకా వచ్చింది, ప్రతి అక్షరం నాది, కావాలంటే కొట్టివేతలున్న చిత్తు కాగితాలు చూపిస్తాను అని. అవ్వ వైపు చూశాను. ఆమె కంగారు పడుతుందనుకున్నాను, చెప్పకే అని కళ్ళతో బతిమాలుతుందనుకున్నాను. అదేమీ లేదు. చాట ఒళ్ళో పెట్టుకుని, బెల్లం దొంగిలించి దొరికిపోయిన పసిపిల్లను చూసినట్టు నన్ను జాలిగా చూస్తోంది. కార్డులు మరిచిపోయింది. నేను మళ్ళీ మళ్ళీ చదివి వినిపించడం మరిచిపోయింది. కథలు మాత్రం గుర్తున్నాయి. అవి తన ఊరివని, తను చిన్నప్పుడు విన్నవని ఆమెకు రవ్వంత అనుమానం లేదు.

నాన్న సంచిక మూసేసి నేల వైపు చూస్తున్నాడు. అది అన్నిటికంటే కష్టంగా ఉంది. నాన్నకు తర్వాత చెప్పుకోవచ్చు. అవ్వకు ఈ గ్యాలరీ పోతే నేను మళ్ళీ తెచ్చివ్వలేను.

"చెప్పు, నువ్వు అల్లినవా, అవ్వ చెప్పిందా?" అంది పెద్దమ్మ.

"అవ్వ చెప్పినవే," అన్నాను.

"గట్ల ఒప్పుకో," అంది పెద్దమ్మ. పాపం ముసలిదానికి అన్యాయం జరిగిందని ఆ రోజు అందరూ రెట్టింపు కథకూలి వేశారు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. సిగ్గుతో ఏడుస్తున్నాననుకున్నారు. అవ్వ నా చేయి పట్టి గుంజి పక్కన కూర్చోబెట్టుకుంది.

"పోనియ్యుండ్రి, మా పిల్లనే గద," అంది వాళ్ళతో. ఆ వంకర వేళ్ళతో నా మొహం తుడిచి, ఇంకెవరికీ వినబడకుండా నా చెవిలో అంది.

"పిచ్చిపోరీ, ముందుగాల నన్నడిగితే ఇంక మంచియి ఇస్తుంటి గద."